చివరి బెంచీలో అప్పాయమ్మ

మా పేటలో రెండు చర్చీల మధ్య ఒక కొబ్బరి తోట దూరం. ఇటువైపుది ఆర్సీఎం వాళ్ళది, అంటే కేథలిక్కులది, మరియమ్మ గుడి అంటాం. అటువైపుది సువార్త మందిరం, ప్రొటెస్టెంట్లది. ఆదివారం పొద్దున్న రెండు మైకులూ ఒకేసారి అందుకున్నాయంటే నా కుట్టు మిషను చప్పుడు నాకే వినిపించదు. నేను రెండిట్లో దేనికీ చెందినదాన్ని కాదు. మూలమలుపులో జాకెట్లు కుట్టుకునే భవానీదేవిని. అయినా ఏ మైకులో ఏ పాట ఎప్పుడొస్తుందో నాకు కంఠతా వచ్చు. ఆ రెండు పాటల్లోనూ గొంతు కలిపే మనిషి పేట మొత్తానికి ఒక్కతే ఉండేది, మా పక్కింటి అప్పాయమ్మ.

అప్పాయమ్మ అంబాజీపేటలో కురిడీ అటకల మీద పని చేస్తుంది. ముదిరిన కాయల్ని అటకెక్కించి, లోపలి నీరంతా ఇంకిపోయి కొబ్బరి గుండుగా ఎండేదాకా నెలల తరబడి వదిలేస్తారు. అదే కురిడీ. ఒక్కో కాయనీ చెవి దగ్గర ఆడించి, ఎండినదీ ఎండనిదీ వేరు చేయడం ఆవిడ పని. సగం జీవితం ఆ అటకల మీదే గడిచింది. "ఇంటికొచ్చినా చెవిలో కాయలాడతానే ఉంటాయండీ," అని నవ్వేది. అప్పట్లో బాగా నవ్వేది.

పుట్టింది రాజోలు వైపు, ప్రొటెస్టెంట్ల ఇంట్లో. చేసుకున్న సూరయ్య ఆర్సీఎం, ఇప్పుడాయన లేడు. పెళ్ళితో ఇంటిపేరు మారినట్టే చర్చీ కూడా మారింది. ఎవరూ ఆవిడను ఏమీ అడగలేదు, ఆవిడా ఎవర్నీ అడగలేదు. అత్తగారు చేతిలో జపమాల పెడితే తిప్పడం నేర్చుకుంది. పుట్టింటి పాటలు మాత్రం వంటింట్లో అలాగే ఉండిపోయాయి. కూతురు సత్యవాణి దగ్గరికొచ్చేసరికి ఇదే కథ ఎదురు తిరిగింది. అల్లుడు ఏసుపాదం సువార్త మందిరంలో సంఘ పెద్ద. సత్యవాణి అటు వెళ్ళి, కాలవలో మునిగి మళ్ళీ బాప్తిస్మం తీసుకుని ఆ మందిరం మనిషైపోయింది. "ఆడపిల్ల ఏ ఇంటికెళ్తే ఆ ఇంటి ప్రార్థనండీ. దేవుడేమన్నా మారిపోతాడా?" అనేది అప్పాయమ్మ. మా పేటలో ఆడవాళ్ళందరూ అలాగే బతికారు. గొడవెప్పుడూ రాలేదు.

కొడుకు జోజిబాబు కొబ్బరి లారీల దగ్గర మేస్త్రీ. ఆదివారాలు మరియమ్మ గుడిలో ఉపదేశి. ఫాదర్ గారు వేరే ఊరి నుంచి వచ్చి పూజ చేసి వెళ్తారు కాబట్టి, పిల్లలకు జపాలు నేర్పడం, చావుకీ పుట్టుకకీ ముందు నిలబడడం ఉపదేశి పని. జోజిబాబు భార్య చిన్న వయసులోనే పోయింది. ఆమె వదిలి వెళ్ళిన పసిపిల్లే చిన్ని. అప్పాయమ్మే పెంచింది. చిన్ని పుట్టిన పూటే సత్యవాణి వచ్చి ఒళ్ళోకి తీసుకుని "ఇది నా కోడలు" అంది. మేనరికం, ఇక తిరుగు లేదు.

పెద్దవాళ్ళు అనుకున్నారని కాదు, వాళ్ళిద్దరికీ కూడా ఇష్టమే. చిన్ని నా కొట్లో హుక్కులు కుట్టేది. సత్యవాణి కొడుకు కృపానందం తాటిపాకలో గ్యాసు ప్లాంటు దగ్గర కాంట్రాక్టు పని ముగించుకుని వస్తూ నా కొట్టు ముందు బండి ఆపి, "మా అమ్మ జాకెట్టు అయ్యిందాండీ?" అని అడిగేవాడు. మీ అమ్మ ఏ జాకెట్టూ ఇవ్వలేదయ్యా అంటే, చిన్ని వైపు చూసి నవ్వి వెళ్ళిపోయేవాడు. మర్నాడు మళ్ళీ అదే ప్రశ్న. ఆ పిల్ల తల ఎత్తేది కాదు గానీ హుక్కులన్నీ తలకిందులుగా కుట్టేసేది. అవన్నీ విప్పుకుంటూ కూర్చోవడం నా ఖర్మ.

ఆ ఏడు ఈస్టరు మర్నాడే రోములో పోపు గారు పోయారు. వేసవిలో కొత్తాయన్ను ఎన్నుకున్నారు. ఆ మర్నాడు పొద్దున్న పెళ్ళి తేదీ అనుకోవడానికి అందరూ అప్పాయమ్మ ఇంట్లో చేరారు. నేనూ ఉన్నాను. టీవీలో రోము చిమ్నీ, కొత్త పోపు వచ్చాడని చెప్పే తెల్లపొగ, చప్పట్లు కొడుతున్న జనం. ఏసుపాదం టీ తాగుతూ, "ఏంటి బావా, మీవాళ్ళు కూడా డొక్కలు కాలుస్తున్నారా?" అన్నాడు. జోజిబాబుతో సహా అందరం పగలబడి నవ్వాం. మా వైపు పొగ అంటే కాయ ఒలిచిన కొబ్బరి డొక్కల పొగే మరి.

నవ్వు ఆగాక జోజిబాబు అసలు సంగతి చెప్పాడు. "తేదీ అనుకునే ముందు ఒక్క మాట బావా. మేనరికం కదా, దగ్గరి రక్తం. మా దాంట్లో బిషప్ గారి అనుమతి కావాలి. ఫాదర్ గారు కాగితాలు పంపేరు. వస్తుందిలే, కంగారు పడకన్నారు. కాస్త ఆగాలి."

ఏసుపాదం గ్లాసు కింద పెట్టాడు. "ఇంటి పిల్లని ఇంటికి తెచ్చుకోడానికి ఆయన అనుమతేంటి? ఆ అధికారం ఆయనకెవరిచ్చేరు?"

"పోపు గారు."

"పోపు గారికెవరిచ్చేరు?"

"ప్రభువే ఇచ్చేరు, మొదటి పోపు పేతురు గారికి. నీ మీద నా సంఘం కడతాను, పరలోకం తాళాలు నీకిస్తాను, భూమ్మీద నువ్వు కట్టింది పైన కట్టినట్టే, నువ్వు విప్పింది పైన విప్పినట్టే అన్నారు. పన్నెండు మంది శిష్యుల్లో ఇంకెవరితోనన్నా అన్నారా తాళాల మాట?"

"కాస్త కిందికి చదువు బావా. కట్టడం, విప్పడం శిష్యులందరితోనూ అన్నాడు ప్రభువు. అది ఒక్కడి సొత్తు కాదు. సంఘం కట్టింది పేతురనే మనిషి మీదనా? నువ్వు దేవుడి కుమారుడివని ఆయన ఒప్పుకున్నాడు చూడు, ఆ ఒప్పుకోలు మీద. మనిషి మీదే అయితే, వెంటనే అదే మనిషిని సాతానా వెనక్కి పో అని ఎందుకంటాడు?"

"అన్నారు. మళ్ళీ ఆయన్నే పిలిచి నా గొర్రెల్ని మేపు అని కూడా అన్నారు కదా."

"సరే, పేతురుకే ఇచ్చేడనుకుందాం. పేతురు పోయేక రోములో కూర్చున్నాయనకి ఇచ్చేడని ఒక్క వచనం చూపించు. ఇప్పుడే ఆపేస్తాను నా కొడుకు పెళ్ళి."

"అన్నిటికీ వచనమే కావాలంటే, ఏది వచనమో ఏది కాదో తేల్చి మన చేతిలో పెట్టింది ఎవరు బావా? ఆ సంఘం పెద్దలు కాదూ?"

ఏసుపాదం మాట్లాడుతుంటే ఏసుపాదందే సబబనిపించేది. జోజిబాబు అందుకుంటే, అవును కదా ఇదీ నిజమే అనిపించేది. ఇద్దరూ చదువుకున్నవాళ్ళే, ఆ గ్రంథాన్ని ప్రాణంగా చూసుకునేవాళ్ళే. ఒక్కరన్నా దుర్మార్గుడైతే తిట్టిపోసి ఇంటికెళ్ళి అన్నం తినేదాన్ని. ఇద్దరూ మంచివాళ్ళై కూర్చున్నారు, అదే నా కోపం.

అప్పాయమ్మ వంటింటి గుమ్మంలో నిలబడి ఉంది. "ఒక్క నెల ఆగితే ఏం పోద్దండి అల్లుడు గారూ?" అంది.

"నెలదేముందండి అత్తయ్య గారూ. ఆగేనంటే ఆ మనిషికి మా మీద అధికారం ఉందని ఒప్పుకున్నట్టే. రేపు మందిరంలో ఏ మొహం పెట్టుకుని వాక్యం చెప్పనండి?"

ఆవిడ కొడుకు వైపు తిరిగింది. అడగకముందే జోజిబాబు అన్నాడు, "ఆగకపోతే ఆ అధికారం లేదని నేను ఒప్పుకున్నట్టే కదమ్మా. రేపు గుడిలో పిల్లలకి ఏం నేర్పను?"

టీవీలో కొత్త పోపు గారు బాల్కనీలోంచి చెయ్యి ఊపుతున్నారు. అప్పాయమ్మ వెళ్ళి టీవీ కట్టేసింది.

నెల గడిచింది, అనుమతి రాలేదు. ఏవో పాత బాప్తిస్మం వివరాలు ఇంకా కావాలన్నారట. ఏసుపాదం సువార్త మందిరంలో తేదీ పెట్టేశాడు. చిన్ని నా కొట్లో మిషను పక్కన కూర్చుని, నాన్నమ్మను అడిగింది. "మామ్మా, ఏం చేయమంటావు? నువ్వెలా చెప్తే అలా చేస్తాను."

అప్పాయమ్మ నిమిషం కూడా ఆలోచించలేదు. "వెళ్ళమ్మా. నేనిటు రాలేదా? మీ అత్త అటు వెళ్ళలేదా? మీ నాన్న నాలుగు రోజులు బిగుసుకుని ఉంటాడు, తర్వాత వాడే వస్తాడు," అంది. నేనూ తలూపాను. మా ఇద్దరికీ తెలిసిన లోకం అంతే. ఆడవాళ్ళు చడీచప్పుడు లేకుండా ఇటూ అటూ నడిచిన దారి అది. ఆ దారి మీద ఈసారి మగవాళ్ళు వచనాలు పట్టుకుని నిలబడ్డారని మాకు తట్టలేదు.

పెళ్ళికి పిల్ల తరఫున వెళ్ళింది అప్పాయమ్మ, నేను. జోజిబాబు లోడింగు ఉందన్నాడు. మధ్యలో చిన్ని జాకెట్టు హుక్కు తెగిందని దారం కోసం కొట్టుకి పరిగెత్తుతుంటే చూశాను, మరియమ్మ గుడి మెట్ల మీద ఒక్కడే కూర్చుని ఉన్నాడు. తోట అవతలి మైకులో కూతురి పెళ్ళి వింటున్నాడు. నన్ను చూసి మొహం తిప్పుకున్నాడు.

అనుమతి తర్వాత వచ్చింది. కానీ ఫాదర్ గారు జోజిబాబుతో చెప్పింది వేరు. ఆర్సీఎంలో పుట్టిన పిల్ల అనుమతి లేకుండా బయట చేసుకుంటే వాళ్ళ లెక్కలో అది పెళ్ళి కాదట. సరిచేసుకునేదాకా చిన్నికి సత్ప్రసాదం ఇవ్వడానికి వీల్లేదు. సత్ప్రసాదం అంటే పూజలో ఇచ్చే తెల్లటి అప్పం. వాళ్ళకది క్రీస్తు శరీరమే. సరిచేయడమూ పెద్ద పని కాదు, ఇద్దరూ వచ్చి తన ముందు నిలబడి మళ్ళీ ఒక్కసారి మాట ఇచ్చుకుంటే చాలన్నారు ఆయన. మంచి మనిషి, నోరారా పిలిచారు. కృపానందం సరేనన్నాడు. ఏసుపాదం ససేమిరా అన్నాడు. "మళ్ళీ నిలబడితే మొన్న మందిరంలో జరిగింది పెళ్ళి కాదని ఒప్పుకున్నట్టే. నువ్వెళ్ళు, నేను సంఘ పెద్దగా దిగిపోతాను," అన్నాడు కొడుకుతో. తండ్రిని దింపే ధైర్యం ఆ పిల్లాడికి లేదు.

సరే, అటైనా కలిసిపోతుందిలే అనుకున్నాం. అక్కడ రొట్టె, ద్రాక్షరసం తీసుకునే ముందు మునిగి బాప్తిస్మం తీసుకోవాలి. పసిపిల్లప్పుడు నెత్తిన పోసిన నీళ్ళు వాళ్ళు లెక్కలోకి తీసుకోరు. సత్యవాణి మారు మాట లేకుండా మునిగింది కానీ చిన్ని ఉపదేశి కూతురు. "మొదటిది ఉత్తదే అని ఒప్పుకుంటేనే కదా మామ్మా రెండోది? నాన్న నన్నెత్తుకుని నిలబడిన రోజు ఉత్తదెలా అవుద్ది?" అంది. మళ్ళీ ఒప్పుకోవడమే. ఆ మాట వింటేనే నాకు ఒళ్ళు మండుతుంది. అలా ఆ పిల్లకు తోటకి ఇటూ లేదు, అటూ లేదు. ఆదివారం అటు మందిరంలో పళ్ళెం వస్తే పక్కవాళ్ళకి అందించి చేతులు ఒళ్ళో పెట్టుకునేదట. మా హిందువుల గుళ్ళ గుమ్మాల బయట ఇదే పేటవాళ్ళని మావాళ్ళు ఎన్నేళ్ళు నిలబెట్టారో నాకు తెలుసు కాబట్టి, ఒకరికి నీతులు చెప్పే నోరు నాకు లేదు.

అప్పాయమ్మ పాడడం అప్పుడే మానేసింది. "నేనే కదండీ వెళ్ళమన్నాను. అది నా మాట మీద వెళ్ళింది," అనేది, ఎవరూ అడగకుండానే. కొడుకు దగ్గర ఏడ్చింది, అల్లుడి కాళ్ళు పట్టుకోబోయింది. ఇద్దరూ ఆవిడతో పాటు కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు గానీ, ఒక్కరూ మెట్టు దిగలేదు.

తర్వాత ఏడు, కడుపుతో ఉన్న చిన్ని మొదటి కాన్పుకి పుట్టింటికి వచ్చింది. జోజిబాబు ఆ పెళ్ళి ఊసెత్తలేదు. కానీ పొద్దున్నే బొండాం కొట్టి, గ్లాసులో పోసి, కూతురి మంచం పక్కన పెట్టి పనికి వెళ్ళేవాడు. ఆ పిల్ల లేచేసరికి గ్లాసు ఉండేది, నాన్న ఉండేవాడు కాదు.

ఈస్టరుకి వారం ముందు మట్టల ఆదివారం వచ్చింది. ఆ రోజు రెండు చర్చీల వాళ్ళూ లేత కొబ్బరాకులు పట్టుకుని ఊరేగుతారు. రెండు ఊరేగింపులూ నా కొట్టు ముందే ఎదురుపడతాయి, రెండిట్లోనూ అదే హోసన్నా. పూజకి వెళ్తానంది చిన్ని. నెలలు నిండిన పిల్ల, నాన్నమ్మ సత్ప్రసాదం వరుసలోకి వెళ్ళినప్పుడు పక్కన ఎవరో ఒకరు ఉండాలని నన్ను తోడు రమ్మన్నారు. చివరి బెంచీలో కూర్చున్నాం.

సత్ప్రసాదం వేళ అందరూ వరుస కట్టారు. ఫాదర్ గారి పక్కన, కింద పడకుండా చిన్న పళ్ళెం పట్టుకుని జోజిబాబు. కరోనా తర్వాత నాలుక మీద కాకుండా చేతిలో పెడుతున్నారు, అక్కడే నోట్లో వేసుకోవాలి. అప్పాయమ్మ చెయ్యి చాపింది, అప్పం తీసుకుంది, వెనక్కి తిరిగింది. నోట్లో వేసుకోలేదు. పిడికిలి మూసి, గుండెకు ఆనించుకుని, వరుస పక్కనుంచి మా బెంచీ వైపు నడిచి వస్తోంది.

మొదట జోజిబాబుకే తెలిసింది. పళ్ళెం పట్టుకునే వెనకాలే వచ్చాడు. "అమ్మా. నోట్లో వేసుకోమ్మా."

"నేనిన్నాళ్ళూ తిన్నాను కదరా. ఇది దానికి."

"అలా కుదరదమ్మా. నీకు తెలుసు కదా. నోట్లో వేసుకో."

"నీ కూతురేరా అది. వట్టి మనిషి కాదు." ఆవిడ గొంతు పెరిగింది. పాట ఆగిపోయింది. గుడిలో అందరూ వెనక్కి తిరిగారు. ఆవిడ పిడికిలి చిన్ని నోటి దగ్గరికి తీసుకొచ్చింది. చిన్ని రెండు చేతులతో నోరు మూసుకుని తల అడ్డంగా ఊపుతోంది. ఆ పిల్లకి కావాలి, నేను పక్కనే ఉన్నాను, నాకు తెలుసు. అయినా ఊపుతోంది.

జోజిబాబు పళ్ళెం బెంచీ మీద పెట్టి, తల్లి మణికట్టు పట్టుకున్నాడు. అటకల మీద కాయలు ఆడించి ఆడించి గట్టిపడిన వేళ్ళు అవి. ఒక్కొక్కటీ విప్పాడు. లోపల అప్పం ముక్కలై, చెమటకి అరచేతికి అంటుకుపోయి ఉంది. ఒక్క పొడి కూడా కింద పడకూడదట. జోజిబాబు మోకాళ్ళ మీద కూర్చుని, ఆవిడ అరచేతిలోంచి ముక్క ముక్కా తన నాలుకతో తీసుకున్నాడు. కన్నీళ్ళు కారిపోతున్నాయి. చిన్నప్పుడు అమ్మ చేతి ముద్ద తిన్నవాడే కదా అనిపించి నాకు అక్కడ కూర్చోబుద్ధి కాలేదు. చిన్ని నా చెయ్యి వదల్లేదు.

"మామ్మని ఏమీ అనకు నాన్నా," అంది. పెళ్ళి తర్వాత ఆ తండ్రీకూతుళ్ళ మధ్య నేను విన్న మొదటి మాట అది. అతను తలూపి, పళ్ళెం తీసుకుని వెళ్ళిపోయాడు.

ఆ వారంలో అప్పాయమ్మ ఫాదర్ గారి దగ్గరికి, చేసిన పాపం చెప్పుకుని క్షమాపణ పొందే పాపసంకీర్తనానికి వెళ్ళింది. తిరిగొచ్చి నా కొట్టు గుమ్మంలో కూలబడి తనే చెప్పింది. "తిట్టలేదండి. మళ్ళీ ఇలా చేయనని చెప్పు అప్పాయమ్మా, చాలు అన్నారు. చెప్పలేకపోయేనండి."

"చెప్పేస్తే పోయేది కదా?"

"చేస్తానేమోనండి. అది అలా చివర కూర్చుని చూస్తుంటే మళ్ళీ చేస్తాను. చేయనని దేవుడి ముందు అబద్ధం ఎలాగండీ చెప్పేది?" కొంగుతో మొహం తుడుచుకుంది. "చెప్పగలిగిన రోజు రా, క్షమాపణా అప్పుడే, సత్ప్రసాదమూ అప్పుడే అన్నారు. ఆయన మాత్రం ఏం చేస్తారండి పాపం."

ఈస్టరు నాడు తెల్లవారకముందే రెండు మైకులూ మోగాయి. గుడిలో మేం ముగ్గురం చివరి బెంచీలో కూర్చున్నాం. సత్ప్రసాదం వేళ బెంచీలు ఒక్కొక్కటే లేచి వరుసలోకి వెళ్తున్నాయి. చిన్ని నాన్నమ్మను మోచేత్తో పొడిచింది. "వెళ్ళు మామ్మా."

"ఉండవే. కాళ్ళు నొప్పులు," అంది అప్పాయమ్మ. చిన్నికి సంగతి చెప్పలేదని అప్పుడు అర్థమైంది నాకు.

ముందు బెంచీ లేచింది, వెళ్ళింది, తిరిగొచ్చింది. వరుస అయిపోయింది. అక్కడ పళ్ళెం పట్టుకున్న జోజిబాబు కదలకుండా మా వైపే చూస్తున్నాడు. కూతుర్ని చూశాడు, తల్లిని చూశాడు. ఫాదర్ గారు కూడా చూశారు. వస్తుందేమోనని కాసేపు ఆగారు. అప్పాయమ్మ చిన్ని చేతిని ఒళ్ళో పెట్టుకుని నిమురుతూ తల దించుకుంది. ఫాదర్ గారు పాత్ర మీద మూత పెట్టారు.